ప్రోగ్రామింగ్ భాషలు: హైదరాబాదు చరిత్ర, ప్రాథమికాంశాలు

కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అంటే ఒక పనిని యంత్రం తనంతట తాను చేయగలిగేలా, ఆ పనిలోని అంచెలన్నింటినీ వరుసగా, రెండు అర్థాలకు తావివ్వని రాతలో పెట్టడం. ఆ రాతను ప్రోగ్రామ్ అని, అది పాటించవలసిన పదాల కట్టును, వ్యాకరణ నియమాలను కలిపి ప్రోగ్రామింగ్ భాష అని అంటారు. ఈ విద్య హైదరాబాదుకు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది ప్రభుత్వ కర్మాగారాలు, ఇంజనీరింగు కళాశాలలు, అమీర్‌పేట శిక్షణ సంస్థల మీదుగా సాగిన ప్రసిద్ధమైన దారి. రెండవది పాతబస్తీలో పత్తర్‌గట్టి, దానికి చేరువలోని ఛత్తా బజార్ ముద్రణ దుకాణాల గుండా, అక్షరాన్ని కంప్యూటర్‌కు అప్పగించే ప్రయత్నంగా సాగిన దారి. చరిత్ర రచనల్లో మొదటిదానికి దక్కిన చోటు రెండవదానికి దక్కలేదు గాని, ప్రోగ్రామ్ ఎలా ఆలోచిస్తుందో తెలుసుకోగోరేవారికి రెండవదే ఎక్కువ బోధిస్తుంది.

1908 మూసీ వరదల తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని తిరిగి తీర్చిదిద్దిన కాలానికి చెందినవి పత్తర్‌గట్టిలోని రాతి కమానుల దుకాణాలు. వాటిలో తరతరాలుగా సాగుతున్న వస్త్ర వ్యాపారానికి, ప్రోగ్రామింగ్ పూర్వచరిత్రకు దగ్గరి సంబంధం ఉంది. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మారీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన మగ్గపు యంత్రంలో, నేతలోని బొమ్మ మొత్తం రంధ్రాలు పొడిచిన అట్టల వరుసగా ఉంటుంది. రంధ్రం ఉన్న చోట కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది, లేని చోట వదిలేస్తుంది. గద్వాల, ధర్మవరం మగ్గాలపై చీర అంచులను నేయడానికి నేటికీ జకార్డు అట్టలు వాడుతున్నారు. అట్ట మారిస్తే అదే మగ్గం మరో బొమ్మ నేస్తుంది. యంత్రాన్ని, దానికి ఇచ్చే ఆదేశాలను వేరు చేయవచ్చునన్న భావనకు ఇంతకంటె స్పష్టమైన తొలి రూపం లేదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన విశ్లేషణ యంత్రానికి ఈ అట్టలనే ఎంచుకోగా, ఆ యంత్రం బెర్నూలీ సంఖ్యలను లెక్కించే క్రమాన్ని అడా లవ్‌లేస్ 1843లో ప్రచురించింది. యంత్రం పూర్తికాకపోయినా ఆ క్రమాన్ని తొలి ప్రోగ్రాముల్లో ఒకటిగా లెక్కిస్తారు.

ఎలక్ట్రానిక్ కంప్యూటర్ కూడా ఉన్నది, లేనిది అనే ఆ రెండు స్థితులనే 1, 0 అంకెలుగా గుర్తిస్తుంది. ఒక్కొక్క అంకె స్థానాన్ని బిట్ అంటారు. ఆదేశాలను నేరుగా ఈ అంకెల్లో రాస్తే అది యంత్రభాష. ప్రతి ఆదేశానికి ఒక పొట్టి గుర్తు పెట్టుకుని రాస్తే అది అసెంబ్లీ భాష. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టి, 1962లో నెహ్రూ చేత టిఫ్రాక్ అని పేరు పెట్టించుకున్న యంత్రంతో దేశంలో ఈ విద్యకు పునాది పడింది. హైదరాబాదులో 1967 ఏప్రిల్‌లో, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వాన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడింది. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 కంప్యూటర్‌ను ఆ సంస్థ 1969 నుండి తయారు చేసింది, తరువాత టి.డి.సి.-312, 16 బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి. టి.డి.సి.-12లో ఒక పదానికి, అంటే యంత్రం ఒక్కసారిగా పట్టే బిట్ల కట్టకు, 12 బిట్లు ఉండటం వల్ల ఒక్క పదంలో 0 నుండి 4,095 వరకు మాత్రమే సంఖ్యను ఉంచగలిగేవారు. అంతకంటె పెద్ద సంఖ్య కావాలంటే రెండు పదాలను జతచేసే పని ప్రోగ్రామ్ రాసేవారిదే.

ఈ బరువును తగ్గించడానికి పుట్టినవే ఉన్నతస్థాయి భాషలు. మనిషి రాసుకునే సూత్రానికి దగ్గరగా ఉన్న రాతను యంత్రభాషలోకి మార్చే పనిని మరో ప్రోగ్రాముకే అప్పగించవచ్చునని గ్రేస్ హాపర్ 1952 ప్రాంతంలో చూపింది. మొత్తం రాతను ఒకేసారి మార్చిపెట్టే అటువంటి ప్రోగ్రామును కంపైలర్ అని, ఆదేశాన్ని చదువుతూనే అమలు చేసేదాన్ని ఇంటర్‌ప్రెటర్ అని అంటారు. ఐ.బి.ఎం.లో జాన్ బ్యాకస్ బృందం 1957లో విడుదల చేసిన ఫోర్ట్రాన్ శాస్త్రగణనలకు, 1959-60లో రూపొందిన కోబాల్ బ్యాంకులు, జీతాల పట్టికలు వంటి వ్యాపార లెక్కలకు స్థిరపడ్డాయి. కృత్రిమ మేధ పరిశోధనకు జాన్ మెకార్థీ 1958లో లిస్ప్‌ను రూపొందించాడు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి స్టాన్‌ఫోర్డ్‌లో ఈ మెకార్థీ వద్దనే 1966లో డాక్టరేటు పొంది, యంత్రం చేత మాటను గుర్తింపజేసే పరిశోధనలో ముందు నిలిచి, 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని మరొకరితో కలిసి అందుకున్నాడు. 1998లో హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ ప్రారంభమైనప్పుడు దాని పాలకమండలికి తొలి అధ్యక్షుడు ఆయనే.

విద్యార్థుల కోసమే భాషను రూపొందించాలన్న ఆలోచన 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ చేసిన బేసిక్‌తో బలపడింది. 1984లో కేంద్ర ప్రభుత్వం ఎంపిక చేసిన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో యంత్రాలను అందజేసిన క్లాస్ పథకం ద్వారా దేశంలోని బడిపిల్లలకు అది పరిచయమైంది. నిక్లాస్ విర్త్ 1970లో చేసిన పాస్కల్, డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలల్లో చేసిన సీ భాష కళాశాలల్లోకి వచ్చాయి. ఈలోగా 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచి వెళ్లగా, అది వదిలిన యంత్రాల నిర్వహణను చేపట్టిన ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. హైదరాబాదులోనూ పరిశోధన కేంద్రాన్ని నడిపింది. దేశమంతటి రైలు టికెట్లను ఒకే అల్లికలోకి తెచ్చిన కన్సర్ట్ రిజర్వేషన్ వ్యవస్థ 1994లో మొదట అమలైంది కూడా సికింద్రాబాదులోనే.

2000 సంవత్సరం దగ్గరపడేసరికి, పాత కోబాల్ ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచుకున్నందువల్ల 1900కు, 2000కు తేడా తెలియని స్థితి ఏర్పడి, వాటిని సరిదిద్దడానికి అమెరికాలో మనుషులు కావలసివచ్చారు. ఆ దేశం హెచ్-1బి వీసాల ఏడాది పరిమితిని 65,000 నుండి 1999కి 1,15,000కు, 2001కి 1,95,000కు పెంచింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల పుట్టిన శిక్షణ సంస్థలు కోబాల్‌తో మొదలై, 1995లో వెలువడిన జావాకు, ఒరాకిల్, డాట్‌నెట్‌లకు మారాయి. వేలాది తెలుగు కుటుంబాల స్థితిని మార్చిన ఘనత ఈ వీధులకు నిస్సందేహంగా ఉంది. అయితే ఏ భాషకు ఉద్యోగం ఉంటే ఆ భాషను నేర్పే పద్ధతి వల్ల, భాషలన్నింటికీ ఉమ్మడిగా ఉన్న మూలసూత్రాలు వెనకబడి, గిరాకీ మారినప్పుడల్లా మళ్లీ మొదటినుండి నేర్చుకోవలసిన అవస్థ విద్యార్థులకు వచ్చింది.

పాతబస్తీలో ఇదే కాలంలో జరిగిన పని వేరు. ఛత్తా బజార్‌లో పెళ్లి రుఖాలు (శుభలేఖలు), పోస్టర్లు, పుస్తకాలు కాతిబ్‌ల (లేఖకుల) చేతిరాతతోనే అచ్చుకు వెళ్లేవి. ఉర్దూకు ప్రియమైన నస్తాలిక్ లిపిలో అక్షరం రూపం పక్కనున్న అక్షరాలను బట్టి మారడమే గాక, పదం కుడివైపు పైనుండి ఎడమవైపు కిందికి వాలుతూ వస్తుంది కనుక, మొదటి అక్షరం ఎంత ఎత్తున నిలవాలో దాని తరువాత ఎన్ని అక్షరాలు కలుస్తాయో తెలిసిన తరువాతగాని నిర్ణయం కాదు. కాతిబ్ చేతికి ఇది అభ్యాసంతో వచ్చేస్తుంది. యంత్రానికి మాత్రం అంచెలంచెలుగా చెప్పాలి. 1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ సంస్థతో కలిసి చేసిన నూరీ నస్తాలిక్, ఈ చిక్కును లెక్కతో విప్పకుండా, దాదాపు 20,000 అక్షర సముదాయాలను ముందే రాయించి దాచిపెట్టి, పదం రాగానే సరిపోయే ముక్కను వెదికి తెచ్చే మార్గం పట్టింది. 1994లో ఢిల్లీలో రూపొందిన ఇన్‌పేజ్ ఆ మార్గాన్ని మామూలు కంప్యూటర్లకు తేవడంతో ఉర్దూ అచ్చుపని స్వరూపమే మారింది. తరువాతి కాలపు ఫాంట్లు ముక్కలను దాచడానికి బదులు, ఏ అక్షరం ఏ సందర్భంలో ఎలా వంగాలో చెప్పే నియమాలనే తమలో ఇముడ్చుకున్నాయి. సమాధానాలను ముందే పట్టికగా దాచుకోవడమా, అవసరమైనప్పుడు సూత్రంతో లెక్కించడమా అన్నది ప్రోగ్రామింగ్‌లో నిత్యం ఎదురయ్యే ప్రశ్న. మొదటిదానికి జ్ఞాపకస్థలం ఎక్కువ కావాలి, రెండవదానికి ఆలోచన ఎక్కువ కావాలి.

తెలుగు లిపికీ ఇదే కథ ఉంది. తెలుగు డి.టి.పి. పనివారు ఏళ్ల తరబడి వాడిన అను వంటి ఫాంట్లు వత్తులను, గుణింతాలను బొమ్మ ముక్కలుగా పేర్చడం వల్ల కంటికి అక్షరం కనిపించినా కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు; అందువల్ల ఆ రాతలో వెదకడం గాని, అకారాది క్రమంలో పెట్టడం గాని సాధ్యపడేది కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ అనే సంకేత ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, అక్షరానికి సంఖ్యను, రూపానికి నియమాలను విడదీసింది. పత్తర్‌గట్టి అన్న పేరును చదువరి అయిదు అక్షరాలుగా చూస్తాడు. ఆ మాట పొడవెంత అని పైథాన్ భాషలో అడిగితే 12 అని వస్తుంది. హల్లులు, పొల్లులు, గుడి వేర్వేరు సంకేతాలు కావడం, ‘ర్’ కింద ‘గ’ వత్తుగా చేరకుండా ఆపే కనిపించని సంకేతం మధ్యలో ఉండటం అందుకు కారణాలు. యంత్రం దేనిని ఒకటిగా లెక్కిస్తుందో ముందు తెలుసుకోవాలన్న పాఠం ఇందులో ఉంది.

ప్రాథమికాంశాలను పత్తర్‌గట్టిలోని ఒక బట్టల దుకాణపు బిల్లు ఆధారంగా వివరించవచ్చు. మొత్తం అనే పేరుతో ఒక అర తీసుకుని అందులో 0 ఉంచితే, మారే విలువను దాచే ఆ అరను వేరియబుల్ అంటారు. కొన్న ప్రతి వస్తువు ధరనూ మొత్తానికి కలపమన్న ఆదేశం, వస్తువులు అయిపోయేదాకా అదే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుంది కనుక, దాన్ని లూప్ అంటారు. మొత్తం 5,000 రూపాయలు దాటితే నూటికి పది తగ్గించమన్నది షరతు. ఈ అంచెలన్నింటికీ కలిపి బిల్లు అని ఒక పేరు పెట్టి, కావలసినప్పుడు ఆ పేరుతో పిలిస్తే అది ఫంక్షన్ అవుతుంది. విలువకు రకం కూడా ఉంటుంది: కీబోర్డుపై కొట్టిన 5ను అంకెగా మార్చకుండా అక్షరంగానే వదిలేసి, అటువంటి 5కు అటువంటి మరో 5 కలపమంటే పైథాన్ 10 ఇవ్వదు, 55 ఇస్తుంది.

వరుస ఎంత ముఖ్యమో ఈ బిల్లులోనే తెలుస్తుంది. ధరలు 3,000, 2,500, 1,500 రూపాయలు అనుకుంటే మొత్తం 7,000, తగ్గింపు 700, కొనుగోలుదారు ఇవ్వవలసింది 6,300. తగ్గింపు షరతును లూప్ ముగిశాక కాక లూప్ లోపలే రాస్తే, రెండవ వస్తువు దగ్గర మొత్తం 5,500 అయి 4,950కి తగ్గుతుంది. మూడవది చేరి 6,450 అయ్యాక మళ్లీ తగ్గి 5,805 దగ్గర నిలుస్తుంది. యంత్రం ఏ తప్పూ చూపదు, దుకాణదారు 495 రూపాయలు నష్టపోతాడు. వ్యాకరణ దోషాన్ని కంపైలరో, ఇంటర్‌ప్రెటరో పట్టిస్తుంది గాని ఇటువంటి తర్కదోషాన్ని మనిషే పట్టుకోవాలి. మొత్తం సరిగ్గా 5,000 అయినప్పుడు తగ్గింపు వర్తిస్తుందా అన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం. ప్రోగ్రాముల్లో తప్పులు ఎక్కువగా పొంచి ఉండేది ఇటువంటి సరిహద్దుల్లోనే.

కొత్తవారు ఏ భాషతో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు, గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ నేడు తగిన సమాధానం. దానికి రుసుము లేదు, రాత తేలిక, రాసిన ఆదేశానికి ఫలితం వెంటనే కనిపిస్తుంది. చిన్నపిల్లలకు ముక్కలు పేర్చి ఆడించే స్క్రాచ్, యంత్రం లోపలి సంగతి తెలుసుకోదలచినవారికి సీ అనుకూలమైనవి. చాలా భాషల్లో తప్పనిసరి పదాలు కొద్దే. 1989 ప్రమాణం ప్రకారం సీ భాషలో ఉన్నవి 32 మాత్రమే. కనుక తెలుగు, ఉర్దూ మాధ్యమాల పిల్లలను వెనక్కి నెట్టేది ప్రోగ్రామింగ్ భాషలోని ఇంగ్లీషు కాదు, దాన్ని వివరించే పుస్తకాల్లోని ఇంగ్లీషు. 2008 నాటి పైథాన్ 3 నుండి వేరియబుళ్లకు తెలుగులోనే మొత్తం, ధర అని పేర్లు పెట్టుకోవచ్చు; పత్తర్‌గట్టి మధ్యలో ఉన్న ఆ కనిపించని సంకేతాన్ని మాత్రం పేర్లలో అది ఒప్పుకోదు.

శాస్త్రాన్ని దేశభాషలో బోధించడం ఈ నగరానికి కొత్త కాదు. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చి, మరుసటి ఏడాది స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథాలను సమకూర్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో తెచ్చింది. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఏడాది కంప్యూటర్ కోర్సును ఉర్దూ కేంద్రాల ద్వారా నడుపుతోంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2021-22 నుండి ఇంజనీరింగును తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో బోధించడానికి అనుమతించింది. అనుమతి ఒక్కటే చాలదు. ప్రోగ్రామింగ్ మూలసూత్రాలను మొదటినుండి తెలుగులో, ఉర్దూలో ఆలోచించి రాసిన పాఠ్యపుస్తకాలను విశ్వవిద్యాలయాలు, అకాడమీలు అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్ల చేత రాయించి, అందరికీ ఉచితంగా అందించాలి.