ముల్జిమ్ వేరు, ముజ్రిమ్ వేరు

ఇల్జామ్ మోస్తున్నవాడు ముల్జిమ్. జుర్మ్ రుజువైనవాడు ముజ్రిమ్. ఈ ఫరక్‌ని అఖ్బార్లు మరిచిపోవడం కొత్తేం కాదు.

1897 జూన్‌లో పుణేలో ప్లేగు అధికారి ర్యాండ్‌పై కాల్పులు జరిగాయి. తిలక్ రాతలే దీనికి కారణమని బొంబాయి ఇంగ్లీషు పత్రికలు గగ్గోలు పెట్టాయి. జూలైలో రాజద్రోహం కింద ఆయన్ని గిరఫ్తార్ చేశారు. జమానత్ అర్జీని హైకోర్టు కూడా ఓసారి తోసిపుచ్చింది. వకీల్ దావర్ మళ్లీ అడిగితే, జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీ మంజూరు చేశారు. తిలక్‌కి బయట ఉండి సఫాయీ సిద్ధం చేసుకునే మౌకా దొరికింది. కలకత్తా నుంచి బారిస్టర్ పగ్ వచ్చారు. జ్యూరీలో ఆరుగురు యూరోపియన్లు దోషి అన్నారు, ముగ్గురు హిందుస్తానీలు కాదన్నారు. 18 నెలల ఖైద్ తప్పలేదు.

1908లో మళ్లీ అదే ఇల్జామ్. ఈసారి జమానత్ అడిగిన వకీల్ జిన్నా. జడ్జి కుర్సీలో ఉన్నది ఆనాటి వకీల్ దావరే. ఇవ్వలేదు! తిలక్ తన ముకద్దమా తానే వాదించుకున్నారు. ఆరేళ్ల సజా పడింది.

తయ్యబ్జీ తిలక్‌ని బేకసూర్ అనలేదు. కసూర్ తేలకముందే ఖైద్ వద్దన్నారు, అంతే. మన గల్లీ మనిషి పేరు అఖ్బార్‌లో తాటికాయంత అక్షరాలతో వచ్చిన రోజున మనం ముందు అడగాల్సింది "చేశాడా?" అని కాదు, "వకీల్ దొరికాడా?" అని.