శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం: సహజ పరిసరాలపై ప్రభావాలు

శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వైఎస్సార్ కడప జిల్లాలో, సిద్ధవటం, బద్వేలు ప్రాంతాల్లోని లంకమల కొండల్లో ఉంది. 1988లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 464 చ.కి.మీ.

గండికోట లోయ దాటిన పెన్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రేగళ్ల మీదుగా సాగి, పులివెందుల వైపు నుంచి వచ్చే పాపఘ్నిని కలుపుకొని, ఈ కొండల నడుమకు చేరుతుంది. ఇక్కడ రేగడి ఉండదు. ఎక్కువగా పలుగురాళ్లు, గులకనేల. జిల్లా సగటు వర్షపాతం దాదాపు 700 మి.మీ. ఎర్రచందనానికి ఈ పేదనేలే అనువు. దుంగల దొంగ రవాణా సంగతి అందరికీ తెలిసిందే. కానీ అభయారణ్యానికి అసలు పేరు తెచ్చింది ఎర్రచందనం కాదు, కలివికోడి అనే పక్షి.

కలివి పొదల వల్లే దానికి ఆ పేరు వచ్చిందంటారు. ప్రకృతి పరిశీలకుడు జెర్డన్ సేకరించిన ఈ పక్షిని 1848లో జంతుశాస్త్రవేత్త బ్లైత్ వర్ణించాడు. 1900 తర్వాత జాడలేక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో (తేదీ విషయంలో రచనల మధ్య ఒకటి రెండు రోజుల తేడా ఉంది) రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. ఘనత సాధారణంగా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు దక్కుతుంది. పక్షిని పట్టినది మాత్రం స్థానిక వేటగాడు. ఆ వాటా తక్కువేమీ కాదు.

రాత్రిపూట తిరిగే పక్షి కనుక కంటికి ఆనడం అరుదు. పరిశోధకులు సాయంత్రం బాట పక్కన మెత్తటి మన్ను పరిచి చదును చేస్తారు. తెల్లవారాక వంగి చూస్తే, వెనకవేలు లేని మూడువేళ్ల అడుగు పడి ఉండొచ్చు. పొద్దుగూకాక కాసేపు వినిపించే జంట కూత మరో ఆధారం.

దీని నివాసం దట్టమైన అడవి కాదు, కొండ అంచున ఉండే పలచటి పొదల బీడు. చిక్కంతా ఇక్కడే. రెవెన్యూ లెక్కలో అది పనికిరాని భూమి. దున్నినా, తవ్వినా అడిగేవాడుండడు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా జరిగిన ఒక అధ్యయనం ప్రకారం 1991–2000 మధ్య అభయారణ్యం లోపలా చుట్టూ ఈ పొదనేల 11–15 శాతం తగ్గింది, సాగుభూమి పెరిగింది. మేత విషయం అంత సూటిగా తేలదు. మేకలు మితంగా మేస్తే పొదల మధ్య నేల తెరిపిగా ఉండి పక్షికి పరుగెత్తే వీలుంటుంది. మేత, వంటచెరకు కోత మితిమీరితే దాగేందుకు పొదే మిగలదు. పూర్తిగా ఆపేస్తే పొదలు అల్లుకుపోతాయన్న వాదనా ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు.

నీటి ప్రాజెక్టుల ప్రభావం వేరు. తెలుగుగంగ కాలువ తవ్వకం 2005లో కలివికోడి ఆవాసంలోకి వచ్చి అభ్యంతరాలతో ఆగింది. ఆపై కాలువ దారి మార్చారు.