ఆర్కాటు అప్పులు: సరిచూడని లెక్క

క్రీ.శ. 1801 జూలై 31న ఆర్కాటు నవాబు అజీముద్దౌలాకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య జరిగిన ఒప్పందంతో కర్ణాటక రాజ్యపాలన యావత్తు కంపెనీ పరమైంది. నవాబుకు రాబడిలో ఐదో వంతు మిగిలింది. రేణిగుంట, తిరుపతి, చంద్రగిరి ప్రాంతాలు ఆ విధంగానే ఆర్కాటు సుబా నుంచి కంపెనీ జిల్లాలోకి చేరాయి. ఈ మార్పును మన చరిత్ర గ్రంథాలు సాధారణంగా యుద్ధాలతోనూ వారసత్వపు తగాదాలతోనూ వివరిస్తాయి. దానికి చాలాముందే ఆ రాజ్యపు ఖజానాను తినివేసిన అప్పుల సంగతి ఇంతకంటే శ్రద్ధగా చదవదగినది.

నవాబు ముహమ్మద్ అలీ వాలాజా (1749-1795) తన సింహాసనం నిలుపుకొనడానికి కంపెనీ సైన్యంపై ఆధారపడ్డారు. ఆ సైన్యం ఖర్చు ఆయన పద్దులోనే పడేది. అది తీర్చడానికి మద్రాసులోని కంపెనీ ఉద్యోగుల వద్దనే సొంత హోదాలో అప్పు తీసుకునేవారు. వడ్డీ తొలిరోజుల్లో ఏడాదికి నూటికి 36 వరకు ఉండి, తర్వాత 25కు, 20కి దిగింది. అప్పుకు హామీగా ఫలానా తాలూకా శిస్తు ఫలానా వారికి చెందునని పత్రం వ్రాసి ఇచ్చేవారు. దీనికి ఫార్సీలో తన్‌ఖ్వాహ్ అని పేరు. మన ఇళ్లలో జీతానికి వాడే మాటా ఇదే, తెలుగు రైతు నోట 'తనఖా' అయినదీ ఇదే. తిరుమల యాత్రికుల నుంచి వచ్చే రాబడి సైతం నవాబు కంపెనీకి వదులుకున్న ఆదాయాల్లో చేరింది.

ఈ లెక్కల్లో నిజమెంత? అడిగినవారికి పట్టిన గతి చూడండి. పాల్ బెన్‌ఫీల్డ్ అనే కంపెనీ ఉద్యోగి తంజావూరు రాబడిపై తనకు 2 లక్షల 30 వేల పౌన్లకు పైగా రావాలన్నాడు. అతని జీతం ఏడాదికి కొన్ని వందల పౌన్లు మాత్రమే. గవర్నరు లార్డ్ పిగట్ ఆధారాలు చూపమన్నారు. తగిన పత్రాలు రాలేదు. అయినా కౌన్సిలులో అధిక సంఖ్యాకులు బెన్‌ఫీల్డ్ పక్షాన చేరి 1776 ఆగస్టులో గవర్నరునే నిర్బంధించారు. ఆయన మరుసటి సంవత్సరం ఆ నిర్బంధంలోనే కన్నుమూశారు. పిగట్ కూడా తన మొదటి పదవీకాలంలో బాగా గడించినవారే. కానీ ఈ సందర్భంలో అడిగిన ప్రశ్న సరైనది.

1784 నాటి పిట్ ఇండియా చట్టం ఈ అప్పుల పుట్టుపూర్వోత్తరాలు విచారించాలని కంపెనీ డైరెక్టర్లను ఆదేశించింది. డైరెక్టర్లు విచారణకు ఉత్తర్వు తయారుచేశారు కూడా. హెన్రీ డండాస్ ఆధిపత్యంలోని బోర్డ్ ఆఫ్ కంట్రోల్ ఆ ఉత్తర్వును పక్కన పెట్టి, కర్ణాటక రాబడి నుంచి ఏటా 12 లక్షల వరహాలు చెల్లించాలని నిర్ణయించింది. 1785 ఫిబ్రవరి 28న ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో దీనిని దుయ్యబట్టారు. తీర్మానం మాత్రం వీగిపోయింది.

డండాస్ పక్షం వాదన ఒకటి గమనార్హం: అప్పు తీసుకున్న నవాబు తానే ఒప్పుకున్నాడు, ఇచ్చినవారు ఒప్పుకున్నారు, ఇక విచారణ దేనికి? వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఒప్పుకున్న ఆ ఇద్దరిలో ఎవరూ జేబులోంచి తీసి కట్టేవారు కారు. కట్టేది రైతు. హైదర్ అలీతో జరిగిన యుద్ధంలో (1780-84) చెరువు తెగి, పశువు పోయి, ఊరు పాడైన రైతు. అతన్ని అడిగినవారు లేరు. ఈ విషయంలో నవాబును వెనకేసుకురావడం మనకు తగదు. రుణదాతలు పార్లమెంటులో తనకు అక్కరకు వస్తారన్న ఆశతో సందేహాస్పదమైన పద్దులపై కూడా ఆయన మొహరు వేశారు.

కట్టేవారినీ పుచ్చుకునేవారినీ అడగడమనే పద్ధతి మన చరిత్రకు కొత్త కాదు. కూఫా గవర్నరు హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)పై ఫిర్యాదు రాగా హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుంచి మనుషులను పంపారు. వారు గవర్నరును వెంటబెట్టుకుని మసీదు మసీదుకూ వెళ్లి ప్రజలను బహిరంగంగా ప్రశ్నించారు. దాదాపు అందరూ మెచ్చుకున్నారు. ఒక్క బనూ అబ్స్ వారి మసీదులో ఒకతను లేచి, పంపకం సమానంగా జరగడం లేదన్నాడు. హదీసు గ్రంథాలు అతని ఆరోపణనూ, అది అబద్ధమని సాద్ (రజి) వాపోవడాన్నీ రెండింటినీ నమోదు చేశాయి. అంతటి సహాబీకి కూడా విచారణ నుంచి మినహాయింపు దొరకలేదు. అబ్బాసీ ఖలీఫా అల్ మహదీ (775-785) కాలంలో ప్రతి శాఖ లెక్కలనూ సరిచూడడానికి 'దీవానె జిమామ్' అనే ప్రత్యేక కచేరీ ఏర్పడింది.

ఆర్కాటులో అటువంటి విచారణ 1805లో గాని మొదలు కాలేదు. 1785లో ఒప్పుకున్న పాత అప్పు అప్పటికే, 1804 నాటికి, తీరిపోయింది. రాజ్యం కంపెనీ చేతికి వచ్చాక కొత్త రుణదాతలు పుట్టుకొచ్చారు. ఈసారి చెల్లించవలసింది కంపెనీయే గనుక కమిషనర్లను నియమించారు. పావు శతాబ్దం సాగిన పరిశీలనలో 3 కోట్ల పౌన్లకు పైబడిన క్లెయిములు వచ్చాయి. సక్రమమని తేలినవి సుమారు 27 లక్షల పౌన్లు. పదింట తొమ్మిది పాళ్లు నిలబడలేదు. మరి ఏ విచారణా లేకుండా తీర్చిన పాత అప్పులో నిజమెంతో పాఠకులే ఊహించుకోవచ్చు.

చిత్తూరు కేంద్రంగా కలెక్టరు స్ట్రాటన్ 1803లో తిరుమల ఆలయ పూజలు, ఖర్చులు, భూములపై వివరమైన నివేదిక పంపారు. 1821లో ఆలయ నిర్వహణకు బ్రూస్ నిబంధనలు వచ్చాయి. ఇవి పనికివచ్చిన పత్రాలే. కానీ పాలకులు తమ రాబడి కోసం వ్రాసుకున్నవి.

కట్టేవారూ పుచ్చుకునేవారూ సాక్ష్యం చెప్పే పద్ధతి ఈ నేలపై చట్టరూపం దాల్చడానికి రెండు శతాబ్దాలు పట్టింది. 2006లో ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి సామాజిక తనిఖీ జోడించారు. 2009లో తనిఖీ కోసం అమలుశాఖకు వెలుపల ప్రత్యేక సొసైటీ నెలకొల్పారు. 2012లో శాసనం చేశారు. కూలి కుటుంబాల యువకులకు శిక్షణ ఇచ్చి, తమ సొంత ఊరు కాని ఊళ్లకు పంపేవారు. మస్టరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, 'ఇన్ని రోజులు పని చేశావా, ఇంత ముట్టిందా' అని అడిగేవారు. తేలినది మండల కేంద్రంలో, అధికారుల ఎదుట, ప్రజావేదికలో చదివేవారు. చనిపోయినవారి పేర మస్టర్లు, తవ్వని కాలువలు అలా బయటపడ్డాయి. దుర్వినియోగమని తేల్చిన సొమ్ములో తిరిగి వసూలైనది మాత్రం ఏటా కొద్ది భాగమే. తేల్చే అధికారం సొసైటీది, రాబట్టే అధికారం అమలుశాఖది.