లంఖణం నుండి పథ్యం వరకు

మేము వైద్యులం కాము. కోవిల్‌పట్టిలో రైల్వే గుమస్తా పని చేసికొంటూ, చుట్టాలు విరుదునగరంలో ఉన్నందున సెలవు దొరికినప్పుడల్లా పాసెంజరు బండిలో అటూ ఇటూ తిరిగేవారము. అయినను ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంఘంవారు కోరగా, మా ఇంట జరిగిన ఒక సంగతి మనసులో మెదిలి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించాము.

నిరుడు మా మామగారికి కడుపులో పుండు ముదిరి, జీర్ణాశయంలో కొంత భాగం తీసివేశారు. విరుదునగరం ఇంటికి తీసుకువచ్చిన తరువాత ఇరుగుపొరుగు పెద్దలు "లంఖణం పరమౌషధం" అన్నారు. మేమూ సరే అన్నాము. ఆస్పత్రివారు ఇచ్చిన ఆహారపు చీటీని గూట్లో పడవేసి, మూడు వారాలు గంజితేట, బార్లీ నీళ్ళు తప్ప మరేమీ పెట్టలేదు. మనిషి శల్యమై మంచం దిగలేని స్థితికి వచ్చారు. డాక్టరుగారు చూచి, "కోత మానడానికి మాంసకృత్తులు కావాలి గదా! మీరు ఈయనను పస్తు పెట్టారు" అని మందలించారు. తప్పు మాదే. నాటి నుండి ఈ పథ్యం కథ ఏమిటో తెలిసికొనవలెనని తోచింది.

మన పూర్వులు లంఖణం చెప్పిన మాట నిజమే గాని, అంతటితో ఆగలేదు. చరక సంహితలో శోధన చికిత్స తరువాత మొదట పేయ, అనగా పలుచని జావ. తరువాత విలేపి, అనగా చిక్కని జావ. ఆపైన పప్పుకట్టు వంటి యూషము. చివరకు మామూలు భోజనం అని మెట్లు మెట్లుగా చెప్పబడింది. మనము మొదటి మెట్టు జ్ఞాపకం ఉంచుకొని మిగిలినవి మరచిపోయాము.

ఈ చరిత్రలో మన తెలుగువాని పేరు ఒకటి వెలుగుతున్నది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో గ్రహణి వ్యాధితో పోయారు. ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారసారాన్ని పీల్చుకొనలేవు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశిస్తాడు. సుబ్బారావుగారికి కూడా అదే జబ్బు రాగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు. పిమ్మట అమెరికా వెళ్ళి పరిశోధనలు సాగించారు. 1941లో పాలకూర ఆకుల నుండి వేరుచేయబడిన ఫోలిక్ ఆమ్లాన్ని, 1945లో ఆయన నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాల బృందం కృత్రిమంగా తయారుచేసింది. మరుసటి ఏటికే డాక్టరు టామ్ స్పైస్ క్యూబాలో గ్రహణి రోగులకు దానినిచ్చి మేలు జరుగుట చూపారు. తోబుట్టువులను మింగిన రోగానికే మందు కనుగొనుట ఎంతటి విశేషం! ఆయన 1948లో, 53 ఏళ్ళకే కన్నుమూశారు. ఈనాటికీ ఉష్ణదేశపు గ్రహణికి ఫోలిక్ ఆమ్లాన్ని టెట్రాసైక్లిన్‌తో కలిపి నెలల తరబడి ఇస్తున్నారు.

ఆపరేషన్ల సంగతి చూతము. 1936లో అమెరికాలో డాక్టరు స్టడ్లీ కడుపు పుండు ఆపరేషను జరిగినవారి లెక్కలు తీశారు. ముందుగానే తూకంలో అయిదవ వంతుకు పైగా తగ్గినవారిలో నూటికి 33 మంది మరణించగా, అంతగా తగ్గనివారిలో నూటికి 4 కూడా మరణించలేదు. ప్రేగు పనిచేయనివారికి రక్తనాళం ద్వారానే పూర్తి ఆహారం ఎక్కించవచ్చునని 1968లో డాక్టరు డడ్రిక్ నిరూపించారు. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీళ్ళు త్రాగించగా, నూటికి 30 దాకా ఉన్న కలరా మరణాలు 4కు లోపు దిగాయి. ఇప్పుడైతే చాలా ఆపరేషన్లకు, డాక్టరు అనుమతిస్తే, ఒకటి రెండు రోజులలోనే నోటితో ఆహారం మొదలుపెడుతున్నారు.

ఒక హెచ్చరిక. జీర్ణాశయం పూర్తిగా తీసివేసినవారికి బి12 విటమిను ఒంటబట్టదు, ఇంజెక్షను అవసరమవుతుంది. కేవలం ఫోలిక్ ఆమ్లం మ్రింగితే రక్తం బాగుపడినట్లు కనిపించినా, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కనుక సొంత వైద్యం పనికిరాదు.

మా మామగారు ఇప్పుడు రోజుకు ఆరుమార్లు కొంచెం కొంచెంగా తింటారు. ఊదల జావ, మెత్తని పెసరపప్పు అన్నం, పెరుగు, ఉడికిన గుడ్డు. విరుదునగరం నూనె పరోటా వాసన వచ్చినప్పుడు నిట్టూర్పు విడుస్తారు. మేము కోవిల్‌పట్టి కడలై మిఠాయి పట్టుకుపోయినా ఒక తునక నోట వేసికొని, మిగిలినది మనుమలకు పంచుతారు. తీపి ఎక్కువైతే కళ్ళు తిరిగి చెమటలు పోస్తాయని ఆయనకు తెలుసు. తూకం నాలుగు కిలోలు పెరిగింది. మొన్న మమ్మల్ని సాగనంపడానికి స్టేషను దాకా నడిచి వచ్చారు.

మన ఊళ్ళకు దూరంగా ఉన్నవారము. రోగం వచ్చినప్పుడు ఇరుగుపొరుగు చెప్పిందే వేదమవుతుంది. ఆస్పత్రిలో ఇచ్చిన ఆహారపు చీటీని మందుల చీటీతో సమానంగా చూడండి. అర్థం కాకపోతే అడగండి. మేము గూట్లో పడవేసిన చీటీని ఈనాడు వంటింటి గోడకు అంటించాము. ఈ ఉగాది పచ్చడి అందరికీ ఒంటబట్టుగాక!