లిద్దా డాక్టరు, లిద్దా విమానాశ్రయం



పాలస్తీనా అనగానే ఇప్పుడు హమాస్ పేరే వినబడుతుంది. హమాస్ పుట్టింది 1987లో. దానికి 20 ఏళ్ళ ముందే ప్రపంచాన్ని హడలెత్తించిన సంస్థ ఇంకొకటి ఉంది. పాపులర్ ఫ్రంట్ ఫర్ ది లిబరేషన్ ఆఫ్ పాలస్తీనా, పొట్టిగా పి.ఎఫ్.ఎల్.పి. ఇది మతం పేరుతో పుట్టినది కాదు, మార్క్సిస్టు సంస్థ. పెట్టిన జార్జ్ హబష్ క్రైస్తవుడు, పైగా డాక్టరు. ఈ గొడవంతా మతానిదే అనుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

హబష్ సొంత ఊరు లిద్దా. బ్రిటిష్ వారి కాలంలో అది పెద్ద రైల్వే జంక్షన్, మనకు జోలార్‌పేట ఎలాగో అలాగ. 1948 జూలైలో ఇజ్రాయెల్ సైన్యం లిద్దాను, పక్కనున్న రమ్లేను పట్టుకుని, 50 వేలకు పైగా జనాన్ని వెళ్ళగొట్టింది. మండే ఎండలో నడుస్తూ దాహంతో చాలామంది దారిలోనే పోయారు. బేరూత్‌లో వైద్యం చదువుతున్న హబష్ అప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. చదువు ముగిశాక, స్నేహితుడు డాక్టర్ వాదీ హద్దాద్‌తో కలిసి అమ్మాన్‌లో శరణార్థులకు వైద్యం చేశాడు.

అరబ్బు దేశాలన్నీ ఒకటైతే ఊరు తిరిగి వస్తుందని నమ్మాడు. 1967 జూన్ యుద్ధం 6 రోజుల్లో ఆ నమ్మకాన్ని పోగొట్టింది. ఆ డిసెంబరులోనే పి.ఎఫ్.ఎల్.పి. పుట్టింది.

1968 జూలైలో రోమ్ నుంచి బయల్దేరిన ఇజ్రాయెల్ విమానాన్ని అల్జీరియాకు మళ్ళించారు. 1970 సెప్టెంబరులో ఒకేసారి పలు విమానాలు పట్టారు. మూడింటిని జోర్డాన్ ఎడారిలో దించి, ప్రయాణికులను దించేశాక పేల్చేశారు. పేరు ప్రపంచమంతా మోగింది. ఫలితం? జోర్డాన్ రాజు హుస్సేన్ సైన్యాన్ని దింపాడు. 1971 నడిమికల్లా పాలస్తీనా సాయుధ సంస్థలన్నీ ఆ దేశం వదలాల్సి వచ్చింది. శిబిరాల్లోని మామూలు జనం కూడా ఆ పోరులో చచ్చారు.

1972 మే 30న ఈ సంస్థ పంపిన ముగ్గురు జపాన్ యువకులు ఇజ్రాయెల్‌లోని లోద్ విమానాశ్రయంలో తుపాకులు పేల్చారు. 26 మంది పోయారు. అందులో 17 మంది ప్వెర్టోరికో నుంచి యేసు పుట్టిన నేలను చూడవచ్చిన యాత్రికులు. లోద్ అంటే ఏదనుకున్నారు? హబష్ పుట్టిన లిద్దాకే హీబ్రూ పేరు.

జూలై 8న బేరూత్‌లో కారు బాంబుకు ఆ సంస్థ పత్రిక సంపాదకుడు, గొప్ప రచయిత ఘస్సాన్ కనఫానీ బలయ్యాడు. కారులో పక్కనున్న మేనకోడలూ పోయింది. ఆ పిల్ల ఎవరిని చంపింది?

తర్వాత హబష్ హైజాకులు వద్దన్నాడు. హద్దాద్ వినలేదు, వేరుపడ్డాడు. 1976లో ఎంటెబ్బేకు విమానం మళ్ళించింది అతని మనుషులే. హబష్ 2000లో నాయకత్వం వదిలాడు, 2008లో అమ్మాన్‌లో పోయాడు. సొంత ఊరు మాత్రం దక్కలేదు.

లిద్దా వాళ్ళకు జరిగిన అన్యాయం నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. కాని ఆ బాకీని ప్వెర్టోరికో యాత్రికుల దగ్గర వసూలు చేయడం ఏ న్యాయం? 1948లో ఎండలో నడిచిన వాళ్ళ గురించి లోకం వినవలసిన రోజుల్లో, విమానాశ్రయంలో పడిన శవాల గురించే వింది. పగ తీర్చుకోబోయి తమ వాళ్ళ గోడునే తామే మూసేశారు. ఏ పక్షాన్ని సమర్థించేవారైనా ఈ రెండు లెక్కలూ విడివిడిగా చూడాలని నా మనవి.