పురుగు నిర్ణయం, మామ నిర్ణయం

మొన్న సంక్రాంతికి ఆదోని దగ్గర మా మామ వాళ్ళ ఊరికి వెళ్ళాను. చేలో పత్తి ఇంకా నిలబడే ఉంది. ఎల్లెల్సీ కాలువలో నీళ్ళున్నాయి, చివరి కాయలు పగలాలి. మామ ఒక కాయ చీల్చి చూపించాడు. లోపల గులాబి రంగు పురుగు గింజ తొలుచుకుని హాయిగా ఉంది. "చూడప్పా అల్లుడూ, ఎన్ని మందులు కొట్టినా దీనికి లెక్కే లేదు" అన్నాడు.

రోజంతా ఇఫ్-ఎల్స్‌లు రాసుకునే వాణ్ణి కదా, ఈ పురుగు లోపల నడిచే ఇఫ్-ఎల్స్ ఏంటా అని తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టాను.

ముందు పత్తి సంగతి. పువ్వు విచ్చే రోజుకి అటూ ఇటుగా, గింజ పైపొరలో ఉండే కణాల్లో సుమారు నాలుగో వంతు పోగుగా మారాలని తేల్చుకుంటాయి. పక్కనున్నవి మామూలు పొరగానే మిగిలిపోతాయి. పోగు కావాలనుకున్న కణం విడిపోదు, ఒక్కటిగానే రెండున్నర, మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఆదోని యార్డులో వ్యాపారి వేళ్ళతో లాగి చూసే పింజ పొడవు ఆ ఒక్క కణం పొడవే. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం నేసిన నూలు బట్టలన్నీ అలాంటి కణాలే అన్నమాట.

ఇక పురుగు. ఇది మనకి కొత్త చుట్టం కాదు. 1843లో సాండర్స్ అనే ఆయన దీనికి శాస్త్రీయ నామం పెట్టింది మన భరూచ్ నుంచి వెళ్ళిన నమూనాలు చూసే. పురుగు ఎప్పుడు ఏమవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? దీనికి మొదటి జవాబు పోలండ్ నుంచి వచ్చింది. స్టెఫాన్ కోపెచ్ అనే శాస్త్రవేత్త వేరే జాతి గొంగళిపురుగుల మెదడు తీసేసి చూశాడు. ఒక గడువుకి ముందు తీసేస్తే పురుగు ప్యూపా కాలేదు. గడువు దాటాక తీస్తే మెదడు లేకపోయినా అయింది! అంటే మెదడు ఆ లోపే ఏదో రసాయనంతో ఒంటికి కబురు పంపేసింది. నాడీకణాలు హార్మోన్ పంపగలవన్న ఆలోచనకి 1922 నాటి ఆయన వ్యాసం పునాది.

1960ల్లో టెక్సాస్‌లో పెర్రీ ఆడ్కిసన్ మన గులాబి పురుగునే పట్టుకున్నాడు. పగలు తగ్గి రాత్రి పెరిగితే ఎదిగిన పురుగు ప్యూపా కాకుండా నెలల తరబడి నిద్రకి పోతుంది. ఆ పొడవాటి రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలా పురుగులు నిద్ర మానేశాయి! చలి, తినే గింజలో నూనె కూడా లెక్కలోకి వస్తాయి. మన దక్షిణాదిలో ఈ నిద్ర ఉత్తరాదిలో ఉన్నంత గాఢం కాదు. చేలో కాయలుంటే చాలు, తరాలు నడుస్తూనే ఉంటాయి.

మగ రెక్కల పురుగు నిర్ణయం ఇంకా సులువు. ఆడదాని వాసన మీసాలకి తగిలితే గాలికి ఎదురెళ్ళడమే. ఆ వాసన గుట్టు 1973లో తేలింది, పేరు గాసిప్లూర్. మన రైతులు కట్టే లింగాకర్షక బుట్టల్లో ఉండేది ఇదే. చేనంతా ఆ వాసన నింపేస్తే మగవాటికి దారి తెలీదు.

మరి మనం ఏం చేశాం? 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చాం. అది పురుగు పేగు కణాల మీద దెబ్బ. ఆ దెబ్బ తగలని పురుగులు మిగిలి పెరిగాయి. 2010లో గుజరాత్‌లో ఒక జన్యువు రకం పని చెయ్యట్లేదని కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత కొన్నేళ్ళకే రెండు జన్యువుల రకానిదీ అదే కథ. అమెరికా బీటీతో పాటు వాసన, గొడ్డు మగ పురుగుల విడుదల, గడువులోగా మోళ్ళు తీసెయ్యడం.. అన్నీ కలిపి వాడి 2018లో ఈ పురుగు పోయిందని ప్రకటించింది. మోళ్ళు పీకడం మనకి తెలీనిదా? ఆదోని బళ్ళారి జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1919లో మద్రాసు ప్రెసిడెన్సీ తెగుళ్ళ చట్టం తెచ్చింది. దాని కింద కోయంబత్తూరు వైపు పత్తి మోళ్ళు గడువులోగా పీకించేవారు.

నాకు అర్థమైంది ఇదీ.. పురుగుని చంపడం మీద పెట్టిన ఖర్చులో కొంతైనా, అది దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటుందో దాని మీద పెట్టాలి. డిసెంబరుకల్లా చేను ఖాళీ అయితే దాని లెక్కే తప్పుతుంది.

ఫోన్లో మామకి ఇదంతా చెప్పాను. "ఇంగా రెండు క్వింటాళ్ళు వస్తాది, పీకేస్తే ఆ దుడ్లు ఎవరిస్తారు? నేనొక్కన్ని పీకితే పక్క చేలో పురుగు రాదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఒక్క చేను పీకితే కాదు, ఊరంతా పీకాలి. చాలాచోట్ల కణాలు కూడా పక్క కణం పంపే కబురు చూసే తేల్చుకుంటాయి. చివరికి మామ అన్నాడు, "పక్కోళ్ళు ఒప్పుకుంటే వచ్చే డిసెంబరులో చూద్దాంలే."

మీ ఇళ్ళల్లో పత్తి వేసేవాళ్ళుంటే డిసెంబరులో ఒక ఫోన్ కొట్టండి. పక్క చేనువాళ్ళతో మాట్లాడారా అని కూడా అడగండి.