బెత్తం లాక్కున్న కుర్రాడు

1930 సెప్టెంబరులో తన అమ్మమ్మ మంచిరోజు చూసి చెబితే, ఆర్.కె. నారాయణ్ మా బెంగళూరులోనే నోటుబుక్కు కొని తొలి నవల మొదలుపెట్టారు. అందులో మాల్గుడి కుర్రాడు స్వామి, కాంగ్రెస్ నాయకుడి అరెస్టును ఖండించే సభకెళ్లి విదేశీ గుడ్డల మంటలో టోపీ వేస్తాడు. మర్నాడు బడి అద్దాల మీద రాళ్లు రువ్వుతాడు. ఆ తర్వాత చేరిన రెండో బడిలోనైతే ఏకంగా హెడ్మాస్టరు చేతి బెత్తమే లాక్కొని కిటికీలోంచి విసిరేస్తాడు! తెల్లదొరల ఏలుబడిలో పిల్లాడికి అంత తెగువ ఇచ్చిన రచయితంటే నాకు ప్రాణం. ఆంగ్ల రచయిత గ్రాహం గ్రీన్ చొరవతో ఆ పుస్తకం 1935లో లండన్‌లో అచ్చయింది. నా తరగతిలో ప్రహ్లాదుడి తర్వాత స్వామి కథే చెబుతాను. ప్రహ్లాదుణ్ణి కాయడానికి నరసింహుడున్నాడు. స్వామి మాత్రం ఒక్కడే పారిపోయి, అడవిదారిలో తప్పిపోయి, భయంతో ఏడుస్తాడు. అలా ఏడ్చినవాణ్ణే పిల్లలు తమవాడనుకుంటారు.